కణ మరణ ప్రయోగాల్లో కాస్పేజ్ నిరోధకాలను, నెక్రోస్టాటిన్లను వాడడం ఎలా: దశలవారీ మార్గదర్శి

కాస్పేజ్‌లనే ప్రోటియేజ్ ఎంజైమ్‌లను ఆపే జెడ్-వ్యాడ్-ఎఫ్‌ఎమ్‌కే వేసినప్పుడు కణాలు బతికితే అది ఎపోప్టోసిస్ (కణం క్రమపద్ధతిలో తనను తాను చంపుకోవడం) అనీ, బతకకపోతే కాదనీ తీర్మానించడం చాలా ప్రయోగశాలల్లో అలవాటైపోయింది. ఈ తర్కం రెండు వైపులా తప్పుతుంది. కాస్పేజ్‌లు పూర్తిగా ఆగిపోయినా కణం వేరే దారిలో చనిపోవచ్చు. కణం బతికి ఉన్నా, ఆ నిరోధకం ఆపింది కాస్పేజ్‌ను కాకుండా కాథెప్సిన్ అనే మరో ప్రోటియేజ్‌ను అయి ఉండవచ్చు. ఈ రెండు పొరపాట్లకూ తావు లేకుండా ప్రయోగాన్ని ఎలా కట్టాలో, ప్రశ్న వేసుకోవడం మొదలు ఫలితాన్ని నమోదు చేయడం దాకా, ఈ వ్యాసం వివరిస్తుంది. కణాల పెంపకం, వెస్టర్న్ బ్లాట్, ఫ్లో సైటోమెట్రీ వంటి ప్రాథమిక పద్ధతులు పాఠకులకు తెలుసునని భావిస్తున్నాను.

మొదటి దశ: నిరోధకం ఏ ప్రశ్నకు జవాబు ఇవ్వాలి?

"ఈ కణాలు ఎలా చనిపోతున్నాయి?" అన్న ప్రశ్నకు ఏ నిరోధకమూ నేరుగా జవాబు ఇవ్వలేదు. "ఈ మరణానికి కాస్పేజ్‌ల చర్య అవసరమా?", "ఈ మరణానికి ఆర్‌ఐపీకే1 కైనేజ్ చర్య అవసరమా?" వంటి సన్నని ప్రశ్నలకు మాత్రమే అది జవాబు ఇవ్వగలదు. (ఆర్‌ఐపీకే1 అనేది నెక్రాప్టోసిస్‌ను, అంటే కణం ఉబ్బి పొర చిరిగి చనిపోయే మరణరీతిని, నడిపే ఎంజైమ్.) కాబట్టి ప్రయోగ పుస్తకంలో మొదట రాయవలసిన వాక్యంలో ఎంజైమ్ పేరు, ఆ ఎంజైమ్ ఆగితే మారాలని ఆశిస్తున్న కొలత, ఆ మార్పు కనబడవలసిన సమయం అనే మూడూ ఉండాలి. మూడింటిలో ఏది లోపించినా తర్వాత వచ్చే సంఖ్యలను ఎలాగైనా అన్వయించుకునే అవకాశం మిగిలిపోతుంది.

ఇక్కడ జీవశాస్త్రాన్ని కొంత గుర్తు చేసుకోవాలి. 1972లో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు కణం ముడుచుకుపోయి, కేంద్రకం ముక్కలై, చివరికి చిన్న చిన్న పొట్లాలుగా విడిపోయే మరణరీతిని వర్ణించి దానికి ఎపోప్టోసిస్ అని పేరు పెట్టారు. ఆ మార్పులను నడిపే ప్రోటియేజ్‌లే కాస్పేజ్‌లు. ఇవి ప్రోటీన్ గొలుసును ఆస్పార్టేట్ తర్వాత కోస్తాయి. వీటిలో 8, 9, 10 సంఖ్యలవి ఆరంభకాలు కాగా, 3, 6, 7 సంఖ్యలవి కార్యనిర్వాహకాలు. 1, 4, 5 సంఖ్యలవి ప్రధానంగా శోథ ప్రతిస్పందనకు, శోథతో కూడిన కణ మరణమైన పైరాప్టోసిస్‌కు సంబంధించినవి. కాస్పేజ్-8కు రెండు ముఖాలున్నాయన్నది మరచిపోకూడదు. అది ఎపోప్టోసిస్‌ను మొదలుపెడుతుంది. అదే సమయంలో ఆర్‌ఐపీకే1ను, ఆర్‌ఐపీకే3ను కోసి నెక్రాప్టోసిస్‌ను అణచి ఉంచుతుంది. అందువల్ల కాస్పేజ్‌లన్నింటినీ ఆపే మందు వేసినప్పుడు కొన్ని కణాలు బతకడానికి బదులు ఇంకా వేగంగా చనిపోతాయి.

రెండవ దశ: నిరోధకాన్ని ఎంచుకోవడం

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన దశ ఇదే. సీసా మీద రాసి ఉన్న లక్ష్యానికీ ఆ పదార్థం కణంలో నిజంగా పట్టుకునే లక్ష్యానికీ మధ్య చాలా దూరం ఉండవచ్చు.

జెడ్-వ్యాడ్-ఎఫ్‌ఎమ్‌కే అనేది వాలీన్, అలనీన్, ఆస్పార్టేట్ అనే మూడు అమైనో ఆమ్లాల చివర ఫ్లోరోమిథైల్ కీటోన్ అనే చర్యాశీల గుంపును తగిలించిన పదార్థం. ఆ గుంపు కాస్పేజ్ చర్యాస్థానంలోని సిస్టీన్‌తో శాశ్వతమైన బంధం ఏర్పరుచుకుంటుంది. ఇది దాదాపు అన్ని కాస్పేజ్‌ల మీదా పనిచేస్తుంది. అయితే కాథెప్సిన్‌లు, కాల్పెయిన్‌లు కూడా సిస్టీన్ ప్రోటియేజ్‌లే కనుక మోతాదు పెరిగే కొద్దీ వాటినీ పట్టుకుంటుంది. ఎన్-గ్లైకనేజ్ అనే, కాస్పేజ్‌లతో సంబంధం లేని ఎంజైమ్‌ను సైతం ఆపి ఆటోఫేజీని (కణం తన భాగాలను తానే జీర్ణించుకోవడాన్ని) ప్రేరేపించగలదు. జంతు ప్రయోగాల్లో ఇంకో చిక్కు ఉంది. శరీరంలో ఈ ఫ్లోరోమిథైల్ కీటోన్ విచ్ఛిన్నమై ఫ్లోరోఎసిటేట్ అనే విషాన్ని ఇస్తుంది. కాబట్టి బతికున్న జంతువుల్లో దీన్ని వాడాలనుకోవడం మంచి ఆలోచన కాదు.

క్యూ-వీడీ-ఓపీహెచ్‌లో ఆ చర్యాశీల గుంపు స్థానంలో డైఫ్లోరోఫినాక్సీ మిథైల్ కీటోన్ ఉంటుంది. ఇది తక్కువ మోతాదులో పనిచేస్తుంది, కణాలకు విషతుల్యత తక్కువ, మీడియంలో ఎక్కువసేపు నిలుస్తుంది. కొత్తగా ప్రయోగం మొదలుపెట్టేవారు అలవాటు కొద్దీ జెడ్-వ్యాడ్ తెప్పించుకోవడం కంటే దీనితో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. పాత ఫలితాలతో పోల్చవలసి వచ్చినప్పుడు రెండింటినీ పక్కపక్కన వాడవచ్చు. రెండూ ఒకే ఫలితం ఇస్తే తీర్మానం బలపడుతుంది. భిన్నంగా వస్తే ఆ తేడా ఎందుకు వచ్చిందో తెలుసుకునే దాకా ముందుకు వెళ్లకూడదు.

ఒక్కొక్క కాస్పేజ్‌కు ప్రత్యేకమని అమ్మే నాలుగు అమైనో ఆమ్లాల నిరోధకాల గురించి కాస్త కఠినంగానే చెప్పాలి. కాస్పేజ్-3కు డీఈవీడీ, 8కు ఐఈటీడీ, 9కి ఎల్‌ఈహెచ్‌డీ అన్న జాబితా ప్రతి అమ్మకపు పట్టికలోనూ ఉంటుంది. ఆ వరుసలు ఏ కాస్పేజ్ దేన్ని ఎక్కువగా ఇష్టపడుతుందో చెప్పేవే తప్ప, మిగతావి వాటిని ముట్టవని చెప్పేవి కావు. కాస్పేజ్-3 కణంలో చురుకుగా, పుష్కలంగా ఉంటుంది కనుక ఎల్‌ఈహెచ్‌డీతో తగ్గిన మరణం కాస్పేజ్-9 ఆగడం వల్ల తగ్గిందో, కాస్పేజ్-3 ఆగడం వల్ల తగ్గిందో చెప్పలేము. ఒక నిర్దిష్ట కాస్పేజ్ పాత్రను నిరూపించాలంటే ఆ జన్యువును తొలగించిన కణాలే సరైన సాధనం.

నెక్రాప్టోసిస్ వైపు వస్తే, 2005లో వెలువడిన నెక్రోస్టాటిన్-1కు లక్ష్యం ఆర్‌ఐపీకే1 కైనేజ్ అని 2008లో తేలింది. అయితే నెక్రోస్టాటిన్-1 ట్రిప్టోఫాన్‌ను విచ్ఛిన్నం చేసే ఐడీఓ అనే ఎంజైమ్‌ను కూడా ఆపుతుంది. రోగనిరోధక కణాలతో పనిచేసేవారికి ఇది పెద్ద అడ్డంకి. దాని మెరుగైన రూపం నెక్-1ఎస్‌లో ఈ దోషం లేదు. కాబట్టి ఈ రోజుల్లో పాత రూపాన్ని వాడడానికి సరైన కారణమేదీ కనబడదు. ఆర్‌ఐపీకే3ను ఆపే జీఎస్‌కే'872ను అధిక మోతాదులో వేస్తే అదే ఎపోప్టోసిస్‌ను రేకెత్తిస్తుంది. నెక్రాప్టోసిస్‌లో కణపొరను చిల్లులు పెట్టే ఎంఎల్‌కేఎల్ ప్రోటీన్‌ను ఆపే నెక్రోసల్ఫోనమైడ్ మానవ ప్రోటీన్‌లోని 86వ స్థానంలో ఉన్న సిస్టీన్‌ను పట్టుకుంటుంది. ఎలుక ప్రోటీన్‌లో ఆ స్థానంలో సిస్టీన్ లేదు కనుక ఎలుక కణాల మీద అది పనిచేయదు. ఎంఎల్‌కేఎల్ ఎంజైమ్ కాకపోయినా ఈ వరుసలో చివరి మెట్టు కాబట్టి దాన్ని ఇక్కడ చేర్చవలసి వచ్చింది. ఫెరాప్టోసిస్‌ను (ఇనుము మీద ఆధారపడి, పొరల్లోని కొవ్వు ఆక్సీకరణ వల్ల జరిగే మరణాన్ని) ఆపే ఫెరోస్టాటిన్-1, లిప్రాక్స్‌టాటిన్-1 కూడా ఎంజైమ్ నిరోధకాలు కావు. అవి పొరల్లోని కొవ్వు రాడికల్స్‌ను బంధిస్తాయి. పోలిక కోసం ఒక వెల్‌లో వాటిని ఉంచడం మాత్రం ఉపయోగకరం.

మూడవ దశ: కణరకం ఈ ప్రశ్నకు సరిపోతుందా?

నిరోధకం ఎంత మంచిదైనా, అది ఆపవలసిన ఎంజైమ్ కణంలో లేకపోతే ప్రయోగమంతా వృథా. ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాల్లో కాస్పేజ్-3 జన్యువు లోపభూయిష్టం కాబట్టి ఆ ప్రోటీన్ తయారు కాదు. అక్కడ డీఎన్‌ఏ నిచ్చెన ఆకారపు ముక్కలు కనబడలేదని ఎపోప్టోసిస్ లేదనడం తప్పు. హీలా కణాల్లో ఆర్‌ఐపీకే3 వ్యక్తం కాదు. వాటిలో నెక్-1ఎస్ ప్రభావం చూపలేదంటే దాని అర్థం నెక్రాప్టోసిస్‌ను పరీక్షించి కాదని తేల్చామని కాదు, అసలు పరీక్షించనే లేదని. ఎలుక ఎల్929 కణాలు జెడ్-వ్యాడ్ ఒక్కటి వేసినా నెక్రాప్టోసిస్‌తో చనిపోగలవు. మానవ కణాల్లో నెక్రాప్టోసిస్‌కు నమ్మదగిన నమూనా హెచ్‌టీ-29 పెద్దపేగు క్యాన్సర్ కణాలు. ప్రయోగం మొదలుపెట్టే ముందు కాస్పేజ్-3, కాస్పేజ్-8, ఆర్‌ఐపీకే1, ఆర్‌ఐపీకే3, ఎంఎల్‌కేఎల్ ఉన్నాయో లేవో ఒక బ్లాట్‌తో చూసుకుంటే చాలు.

నాలుగవ దశ: స్టాక్ ద్రావణం

జెడ్-వ్యాడ్-ఎఫ్‌ఎమ్‌కే అణుభారం 467.5. ఒక మిల్లీగ్రాము పొడిని 107 మైక్రోలీటర్ల నిర్జల డీఎంఎస్ఓలో కరిగిస్తే 20 మిల్లీమోలార్ స్టాక్ వస్తుంది. క్యూ-వీడీ-ఓపీహెచ్ అణుభారం 513.5 కాబట్టి అదే గాఢతకు మిల్లీగ్రాముకు 97 మైక్రోలీటర్లు చాలు. నెక్-1ఎస్ అణుభారం 277.7. మిల్లీగ్రామును 120 మైక్రోలీటర్లలో కరిగిస్తే 30 మిల్లీమోలార్ అవుతుంది.

సీసాను ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే తెరవకుండా గది ఉష్ణోగ్రతకు వచ్చాక తెరవాలి. లేకపోతే లోపల తేమ చేరుతుంది, ఆ తేమ కీటోన్ గుంపును క్రమంగా పాడుచేస్తుంది. ఒక్కసారి వాడుకకు సరిపోయే చిన్న చిన్న భాగాలుగా పంచి, మైనస్ 20 లేదా మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచాలి. కరిగించిన భాగాన్ని మళ్లీ గడ్డకట్టించి వాడకూడదు. నీళ్లతోగానీ మీడియంతోగానీ కలిపిన ద్రావణాన్ని ఏనాడూ నిల్వ చేయకూడదు. డీఎంఎస్ఓ చర్మం గుండా దూసుకుపోతూ తనలో కరిగినదాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. మరణాన్ని ప్రేరేపించే స్టారోస్పోరిన్, ఎటోపోసైడ్ వంటివి కూడా అదే ద్రావకంలో ఉంటాయి కాబట్టి గ్లవుజులు తప్పనిసరి.

లైసేట్‌తో చేసే ప్రయోగాలకు ఒక హెచ్చరిక అవసరం. సాధారణంగా అమ్మే జెడ్-వ్యాడ్‌లో ఆస్పార్టేట్ మీద మిథైల్ ఎస్టర్ ఉంటుంది. కణంలోకి దూరడానికి అది తోడ్పడుతుంది, లోపలి ఎస్టరేజ్‌లు దాన్ని తొలగించాకే అణువు సరిగా పనిచేస్తుంది. శుద్ధ ఎంజైమ్‌తో చేసే పరీక్షలో ఎస్టరేజ్‌లు ఉండవు కనుక అక్కడ మిథైల్ ఎస్టర్ లేని రూపాన్నిగానీ, వెనక్కి విడివడగల ఏసీ-డీఈవీడీ-సీహెచ్‌ఓ వంటి ఆల్డిహైడ్‌నుగానీ వాడాలి. అదే ఆల్డిహైడ్ బతికున్న కణాల్లోకి సరిగా పోదు కాబట్టి అక్కడ దాన్ని నమ్ముకోకూడదు.

ఐదవ దశ: మోతాదు, సమయం

జెడ్-వ్యాడ్‌ను సాధారణంగా 20 నుంచి 50 మైక్రోమోలార్ మధ్య, క్యూ-వీడీని 10 నుంచి 20 మధ్య, నెక్-1ఎస్‌ను 10 నుంచి 30 మధ్య వాడతారు. వీటిని ఆరంభ సంఖ్యలుగా మాత్రమే తీసుకుని, ప్రతి కణరకంలోనూ కనీసం ఐదు మోతాదులతో వక్రరేఖ గీసుకోవాలి. లక్ష్యాన్ని పూర్తిగా ఆపే అతి తక్కువ మోతాదే సరైన మోతాదు. శాశ్వత బంధం ఏర్పరిచే నిరోధకాల విషయంలో సగం చర్యను ఆపే గాఢత అనే సంఖ్యకు స్థిరమైన విలువ ఉండదు. ఎంజైమ్‌తో ఎంత ఎక్కువసేపు కలిసి ఉంటే ఆ సంఖ్య అంత తగ్గుతుంది. ఒక పరిశోధనా పత్రంలోని సంఖ్యను మరొక ప్రయోగానికి అతికించే ముందు ముందస్తు సమయం (ప్రేరకానికి ముందు నిరోధకంతో ఉంచిన సమయం) ఎంతో చూడడం అందుకే అవసరం.

20 మిల్లీమోలార్ స్టాక్‌ను వెయ్యి రెట్లు పలుచన చేస్తే 20 మైక్రోమోలార్ నిరోధకం, 0.1 శాతం డీఎంఎస్ఓ వస్తాయి. 50 మైక్రోమోలార్ కావాలంటే 400 రెట్ల పలుచన, 0.25 శాతం డీఎంఎస్ఓ. రెండు మూడు నిరోధకాలను కలిపినప్పుడు ద్రావకం మొత్తం ఎంతవుతుందో ముందే లెక్కవేసుకుని, ప్రతి వెల్‌లోనూ అదే శాతం ఉండేలా చూడాలి. స్టాక్‌ను నేరుగా కణాల మీద వదిలితే అది పడిన చోట గాఢత విపరీతంగా పెరిగి పదార్థం అవక్షేపం కావచ్చు. గోరువెచ్చని మీడియంలో రెట్టింపు గాఢతతో కలిపి, వెల్‌లో ఉన్న మీడియానికి సమాన పరిమాణంలో చేర్చడం సురక్షితమైన పద్ధతి.

నిరోధకాన్ని మరణ ప్రేరకానికి 30 నుంచి 60 నిమిషాల ముందు వేయాలి. ప్రేరకంతో పాటు మీడియం మార్చేటట్లయితే కొత్త మీడియంలోనూ నిరోధకం అదే గాఢతలో ఉండాలి. 24 గంటలు దాటే ప్రయోగాల్లో నిరోధకం మధ్యలోనే క్షీణిస్తుంది, కణం కొత్త కాస్పేజ్‌లను తయారు చేసుకుంటుంది. అందుచేత మళ్లీ ఒకసారి వేయవలసి రావచ్చు. ఆ సంగతి నమోదులో ఉండాలి.

ఆరవ దశ: కంట్రోళ్లు

ఏమీ వేయని కణాలు, ద్రావకం మాత్రమే వేసినవి, నిరోధకం మాత్రమే వేసినవి, ప్రేరకం మాత్రమే వేసినవి, రెండూ వేసినవి: ఈ ఐదూ లేని ప్లేట్‌ను ప్రయోగంగా పరిగణించలేము. ఎక్కువ మంది వదిలేసేది మూడవదాన్ని. ఎల్929 వంటి కణాల్లో అసలు కథంతా ఆ వెల్‌లోనే ఉంటుంది.

వీటికి తోడు, నిరోధకం పనిచేస్తోందని చూపే సానుకూల కంట్రోల్ కావాలి. కాస్పేజ్ నిరోధకానికైతే, ఎపోప్టోసిస్‌ను తేలిగ్గా కలిగించే 1 మైక్రోమోలార్ స్టారోస్పోరిన్‌ను కొద్ది గంటల పాటు వాడవచ్చు. నెక్-1ఎస్‌కైతే హెచ్‌టీ-29 కణాలకు టీఎన్‌ఎఫ్ (మరణ సంకేతమిచ్చే ప్రోటీన్), స్మాక్ అనుకరణి (కణాన్ని కాపాడే ఐఏపీ ప్రోటీన్లను అడ్డుకునే పదార్థం), జెడ్-వ్యాడ్ మూడూ కలిపి ఇవ్వవచ్చు. అందులో నెక్-1ఎస్ మరణాన్ని ఆపకపోతే స్టాక్ పాడైందని అర్థం.

ప్రతికూల కంట్రోల్ విషయంలో జాగ్రత్త పడాలి. జెడ్-ఎఫ్‌ఏ-ఎఫ్‌ఎమ్‌కేను కాస్పేజ్‌లను ముట్టని జోడీగా అమ్ముతారు, కానీ అది కాథెప్సిన్ బి, ఎల్‌లను గట్టిగా ఆపుతుంది. దాన్ని "ఏమీ చేయని పదార్థం"గా కాక, "కాథెప్సిన్‌లు ఆగితే ఏమవుతుంది" అన్న ప్రశ్నకు జవాబుగా చదివితే అది చాలా విలువైన కంట్రోల్. నెక్రోస్టాటిన్‌కు నిష్క్రియ రూపమని పేరున్న నెక్-1ఐ కూడా ఎక్కువ మోతాదులో ఆర్‌ఐపీకే1ను ఆపుతుంది, ఐడీఓను కూడా ఆపుతుంది. పేరులో నిష్క్రియత ఉన్నంత మాత్రాన అది కంట్రోల్ కాజాలదు.

ఏడవ దశ: లక్ష్యం ఆగిందని చూపడం, తర్వాత మరణాన్ని కొలవడం

ఈ రెండు కొలతలను వేరువేరుగా చేయాలి, మొదటిది లేకుండా రెండవదాన్ని అన్వయించకూడదు.

కాస్పేజ్ చర్యకు లైసేట్‌లో డీఈవీడీ వరుస ఉండి, కోస్తే వెలిగే ఉపస్తరంతో కొలత సులువు. దాంతో పాటు 116 కిలోడాల్టన్ల పీఏఆర్‌పీ1 అనే డీఎన్‌ఏ మరమ్మతు ఎంజైమ్ నుంచి 89 కిలోడాల్టన్ల ముక్క వస్తోందో లేదో బ్లాట్‌లో చూడాలి. అన్ని సూచికలూ ఒకే మోతాదు వద్ద ఆగవు. డీఎన్‌ఏ ముక్కలవడం తక్కువ మోతాదులోనే ఆగిపోతే, పీఏఆర్‌పీ1 కోత పూర్తిగా ఆగడానికి అంతకంటే చాలా ఎక్కువ కావలసి రావచ్చు. కోయబడిన కాస్పేజ్-3ను గుర్తించే యాంటీబాడీ విషయంలో ఒక సూక్ష్మం ఉంది. ఆరంభక కాస్పేజ్ కోసినప్పుడు మొదట 19 నుంచి 20 కిలోడాల్టన్ల ముక్క వస్తుంది, దాన్ని కాస్పేజ్-3 తనను తానే మళ్లీ కోసుకుని 17కు తగ్గించుకుంటుంది. నిరోధకం ఉన్నప్పుడు పై పట్టీ పేరుకుపోయి, కింది పట్టీ కనబడకపోవచ్చు. ఫ్లో సైటోమెట్రీలో ఈ రెండూ ఒకే వెలుగుగా కనబడతాయి కనుక "కాస్పేజ్-3 చురుగ్గా ఉంది" అని తప్పుడు నిర్ధారణకు వస్తాము. ఈ చిక్కును బ్లాట్ మాత్రమే విడదీస్తుంది. అలాగే ఎఫ్‌ఎమ్‌కే గుంపు కలిగిన వెలుగు సూచికలు జెడ్-వ్యాడ్ పట్టుకున్న చోటికే పోటీ పడతాయి. జెడ్-వ్యాడ్ వేసిన కణాల్లో ఆ సూచిక వెలగకపోవడం ఆశ్చర్యమూ కాదు, స్వతంత్రమైన రుజువూ కాదు.

నెక్-1ఎస్ విషయంలో ఆర్‌ఐపీకే1లోని 166వ సెరీన్ మీద ఫాస్ఫేట్ తగ్గాలి. మానవ ఎంఎల్‌కేఎల్‌లో 358వ సెరీన్, ఎలుకలో 345వ సెరీన్ మీద ఫాస్ఫేట్ కూడా తగ్గాలి. నెక్రోసల్ఫోనమైడ్ మాత్రం ఫాస్ఫేట్ చేరిన తర్వాతి మెట్టును ఆపుతుంది. అందువల్ల ఫాస్ఫేట్ అలాగే ఉండి మరణం ఆగితే అది వైఫల్యం కాదు, సరైన ఫలితమే.

మరణాన్ని కొలవడానికి ఎంటీటీ ఒక్కటే వాడడాన్ని నేను సమర్థించను. అది జీవక్రియను కొలుస్తుంది. కణాలు చావకుండా విభజన ఆపినా సంఖ్య తగ్గుతుంది. పొర చిల్లిపడిందని చెప్పే ప్రొపీడియం అయొడైడ్‌నుగానీ, బయటికి వచ్చిన ఎల్‌డీహెచ్ ఎంజైమ్‌నుగానీ చేర్చాలి. సీరంలోనూ ఎల్‌డీహెచ్ ఉంటుంది కాబట్టి కణాలు లేని మీడియం విలువను తీసివేయాలి. అనెక్సిన్-వి బంధానికి కాల్షియం కావాలి కనుక కణాలను ఊడదీయడానికి వాడిన, కాల్షియంను పట్టేసే ఈడీటీఏను పూర్తిగా కడిగివేయాలి. నెక్రాప్టోసిస్‌లోనూ అనెక్సిన్ పట్టుకునే కొవ్వు అయిన ఫాస్ఫటిడైల్‌సెరీన్ పొర బయటికి వస్తుంది కనుక అనెక్సిన్ వెలిగినంత మాత్రాన ఎపోప్టోసిస్ అని రాయకూడదు. సాధ్యమైతే 4, 8, 16, 24, 48 గంటల వద్ద కొలవాలి.

ఎనిమిదవ దశ: ఫలితాన్ని చదవడం

కాస్పేజ్ చర్య ఆగి, మరణం కూడా అన్ని సమయాల్లోనూ ఆగితే, ఈ మరణానికి కాస్పేజ్‌లు అవసరమని రాయవచ్చు. కాస్పేజ్ చర్య ఆగి, 8 గంటల వద్ద మరణం తగ్గి, 48 గంటలకు మళ్లీ మామూలు స్థాయికి చేరితే, నిరోధకం మరణాన్ని వాయిదా వేసిందే తప్ప ఆపలేదు. ఇది చాలా తరచుగా ఎదురయ్యే ఫలితం. మైటోకాండ్రియా బయటి పొరకు బ్యాక్స్, బ్యాక్ ప్రోటీన్లు చిల్లులు పెట్టిన తర్వాత సైటోక్రోమ్ సి బయటపడి శ్వాసక్రియ కుంటుపడుతుంది కనుక కాస్పేజ్‌లు లేకపోయినా కణం నెమ్మదిగా చనిపోతుంది. అప్పుడు మారేది మరణపు ఆకారం, వేగం మాత్రమే. బతికాయనిపించిన కణాలను కడిగి, పలుచగా నాటి, కాలనీలు కడతాయేమో చూస్తే సందేహం తీరుతుంది.

కాస్పేజ్ నిరోధకంతో మరణం పెరిగి, దానికి నెక్-1ఎస్ చేర్చినప్పుడు తగ్గితే నెక్రాప్టోసిస్‌ను అనుమానించాలి. ఫాస్ఫేట్ చేరిన ఎంఎల్‌కేఎల్‌తో దాన్ని నిర్ధారించాలి. నెక్-1ఎస్ ఒక్కటే మరణాన్ని తగ్గిస్తే తొందరపడకూడదు, ఎందుకంటే కొన్ని సందర్భాల్లో ఆర్‌ఐపీకే1 కైనేజ్ చర్య కాస్పేజ్-8 ద్వారా ఎపోప్టోసిస్‌ను కూడా నడుపుతుంది. రెండు నిరోధకాలూ విడివిడిగాగానీ కలిపిగానీ ఏ మార్పూ తేకపోతే ఫెరాప్టోసిస్, పీఏఆర్‌పీ1 అతిచర్య, సైక్లోఫిలిన్ డి మీద ఆధారపడిన మైటోకాండ్రియా వైఫల్యం వంటి దారులను ఒక్కొక్కటిగా పరీక్షించాలి. వాటికి వరుసగా ఫెరోస్టాటిన్-1, ఓలాపారిబ్ వంటి పీఏఆర్‌పీ నిరోధకాలు, సైక్లోస్పోరిన్-ఎ పనికివస్తాయి.

జెడ్-వ్యాడ్ రక్షించి, క్యూ-వీడీ రక్షించకపోతే, అందులోనూ జెడ్-ఎఫ్‌ఏ-ఎఫ్‌ఎమ్‌కే కూడా రక్షిస్తే, కాథెప్సిన్ వైపు చూడాలి. అక్కడ ఈ-64డీ, సీఏ-074 మిథైల్ ఎస్టర్ అనే కాథెప్సిన్ నిరోధకాలు తర్వాతి మెట్టు.

తొమ్మిదవ దశ: జన్యుపరమైన నిర్ధారణ, నమోదు

రసాయనంతో వచ్చిన ఏ తీర్మానానికైనా జన్యు రుజువు తోడుండాలి. కాస్పేజ్-8ను తొలగించేటప్పుడు దానితో పాటు ఆర్‌ఐపీకే3నుగానీ ఎంఎల్‌కేఎల్‌నుగానీ తొలగించిన కణాలు కూడా సిద్ధంగా ఉండాలి. లేకపోతే కాస్పేజ్-8 లేమి వల్లే నెక్రాప్టోసిస్ మొదలై ఫలితం గందరగోళమవుతుంది. కైనేజ్‌ల విషయంలో ప్రోటీన్‌ను పూర్తిగా తొలగించడమూ, కైనేజ్ చర్యను మాత్రమే చంపిన మార్పు పెట్టడమూ ఒకటి కావు. నిరోధకం చేసే పనికి దగ్గరగా ఉండేది రెండవదే. ఎంజైమ్ లేని కణాల్లోనూ నిరోధకం అదే ప్రభావం చూపితే, ఆ ప్రభావం వేరే లక్ష్యం ద్వారా వస్తోందని తేలిపోతుంది. లక్ష్యేతర చర్యను పట్టుకోవడానికి ఇంతకంటే నేరైన పరీక్ష లేదు.

పద్ధతుల విభాగంలో నిరోధకం పూర్తి రసాయన నామం, ఎస్టర్ రూపమా కాదా, సరఫరాదారు, బ్యాచ్ సంఖ్య, స్టాక్ గాఢత, చివరి గాఢత, ద్రావకం శాతం, ముందస్తు సమయం, మళ్లీ వేశారా లేదా, మీడియంలో సీరం శాతం రాయాలి. సీరం ప్రోటీన్లు నీటిలో కరగని ఇలాంటి అణువులను పట్టి ఉంచుతాయి కనుక 10 శాతం సీరంలో పనిచేసిన మోతాదు సీరం లేని మీడియంలో కణాలకు విషం కావచ్చు.